తొమ్మిదో సజెషన్

మూడో అదనపు కోర్టు టైపిస్టు వేళ్ళకు చెవులున్నాయని పేరు. సాక్షి నోరు విప్పీ విప్పకముందే ఆమె వేళ్ళు కదిలేవి. అతను నోరు మూసేసరికి వాక్యం చివర చుక్క పడేది. బయటి కోర్టుల నుంచి వచ్చిన లాయర్లు కూడా మెచ్చుకునేవారు. మెచ్చుకున్నప్పుడల్లా ఆమె తల దించుకుని ఇంకాస్త వేగంగా కొట్టేది. పొగడ్తంత చెడ్డ అలవాటు ఇంకోటి లేదు. అది ఒంటికి పట్టాక పని ఎంత వేగంగా చేస్తున్నామన్నదే గుర్తుంటుంది గానీ, ఏం చేస్తున్నామన్నది గుర్తుండదు.

ఆ వేగం వెనుక ఒక కిటుకుంది. కోర్టులో సాక్షిని ముందు ప్రభుత్వం తరఫున ప్రాసిక్యూటర్ ప్రశ్నిస్తాడు. తర్వాత ముద్దాయి లాయరు ప్రశ్నిస్తాడు. దాన్ని క్రాస్ అంటారు. క్రాస్ చివర ఒక తంతు ఉంటుంది. లాయరు తన వైపు కథనంతా ముక్కలు చేసి సాక్షి ముందు పెడతాడు. మీరసలు అక్కడ లేరంటాడు, పోలీసులు నేర్పిందే చెబుతున్నారంటాడు, ముద్దాయి మీద మీకు పాత పగ ఉందంటాడు. వీటిని సజెషన్లంటారు. సాక్షి ప్రతిదానికీ కాదంటాడు. కాదంటాడని లాయరుకు తెలుసు, జడ్జికి తెలుసు, తలుపు దగ్గర కునికిపాట్లు పడే జవానుకూ తెలుసు. అయినా అడిగి తీరాలి. అడక్కపోతే పై కోర్టులో, అప్పుడే ఎందుకు అడగలేదని పట్టుకుంటారు.

పంతొమ్మిదేళ్ళుగా ఆ కాదనడాలను టైపు చేసీ చేసీ ఆమెకు విసుగొచ్చింది. కంప్యూటర్లు చూసే కుర్రవాణ్ణి అడిగి కీబోర్డు పైవరసలో ఒక మీటకు "అని చెప్పడం నిజం కాదు" అన్న ముక్క మొత్తం కట్టించుకుంది. లాయరు సజెషన్ చెప్పడం, ఆమె దాన్ని కొట్టి ఆ మీట నొక్కడం. పది సజెషన్లు రెండు నిమిషాల్లో ముగిసేవి. ఆ పేజీ అడుగున రెండు వాక్యాలు ఎప్పుడో అచ్చుపోసి ఉంచినవే ఉంటాయి. ఒకటి సాక్షిది: "చదివి వినిపించగా సరిగా ఉన్నదని ఒప్పుకున్నాను." రెండోది జడ్జిది: "నేను చెప్పగా నా సమక్షంలో టైపు చేయబడినది." చదివి వినిపించే తీరిక ఎవరికీ లేదు. సాక్షి జవాబును జడ్జిగారు తిరిగి పైకి చెబితే టైపు చేయాలి, ఆయన చెప్పడమూ లేదు. ఆయన ముందు రోజుకు ఎనభై ఫైళ్ళుంటాయి. క్రాస్ నడుస్తుంటే ఆయన రిమాండు కాగితాల మీద సంతకాలు పెట్టుకుంటారు. ఇది ఈ ఒక్క కోర్టు సంగతే అనుకుంటే అనుకోవచ్చు, ఎవరికీ అభ్యంతరం లేదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఆమె చేతిలో ఫైళ్ళతో వరండాలో పోతుంటే, బెంచీ మీద కానిస్టేబుల్ పక్కన కూర్చున్న ముద్దాయి లేచి నిలబడ్డాడు.

"మేడమ్, ఒక్కమాట. ఆ ఇస్త్రీ అమ్మ ముఖం చూడలేదని ఒప్పుకుంది కదా. అది రాశారు కదా?"

"కోర్టులో చెప్పిందంతా రాస్తాం బాబూ."

"అంతే చాలు మేడమ్. మా అమ్మకు అదే చెప్పాను, ఇంక భయం లేదని."

అతను షట్టర్లు బాగుచేసే మెకానిక్. ముప్పయ్యేళ్ళు నిండలేదు. బట్టల టోకు వ్యాపారి ఒకాయన్ను ఆయన గోడౌను మెట్ల మీద ఎవరో పొడిచి చంపి పోయారు. అంతకు వారం ముందు ఇతను ఆయనతో షట్టరు దగ్గర గొడవపడ్డాడు, నలుగురూ విన్నారు. అంతే, అరెస్టు, రిమాండు, ఛార్జిషీటు. బెయిలు రెండుసార్లు కొట్టేశారు. రెండేళ్ళుగా లోపలే ఉన్నాడు. కళ్ళతో చూసిన సాక్షి ఒక్కతే, మెట్ల కింద ఇస్త్రీ బల్ల పెట్టుకున్న పెద్దావిడ. ప్రాసిక్యూటర్ అడిగినప్పుడు, పరుగెత్తుకుంటూ దిగింది ఇతనేనని ఆవిడ చెప్పింది. వాదనలు కూడా అయిపోయాయి. తీర్పు శుక్రవారం. నేరం రుజువైతే జీవిత ఖైదు.

టైపిస్టు ఫైళ్ళు బల్ల మీద పడేసి ఆ కేసు కట్ట విప్పింది. పెద్దావిడ వాంగ్మూలం చివరి పేజీ తీసింది. పదకొండు సజెషన్లు, పదకొండు చోట్లా నిజం కాదు. తొమ్మిదోది ఇలా ఉంది: "మెట్లు దిగి పరుగెత్తిన మనిషి ముఖం నేను చూడలేదని, నీలం చొక్కా మాత్రమే చూశానని, పోలీసులు చెప్పిన తర్వాతే ముద్దాయిని గుర్తుపట్టాను అని చెప్పడం నిజం కాదు." కింద పెద్దావిడ వంకర సంతకం, దాని కింద జడ్జిగారి సంతకం.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రాకపోతే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది. క్రాస్ జరిగిన రోజు పెద్దావిడ బోను కొయ్య పట్టుకుని కాస్త వంగి, "నిజమేనయ్యా, ముఖం నాకు కనబడలేదు" అంది. మెల్లగానే అంది, కానీ అంది. సర్కారు పెట్టిన ఉచిత లాయరు ఆ కుర్రవాడికి. ఆ లాయరుకు పక్క కోర్టులో ఇంకో కేసు నడుస్తోంది. తల కాగితంలోనే ఉంచి, తొమ్మిదికి టిక్కు పెట్టి, పదో సజెషన్ ఎత్తుకున్నాడు. తర్వాత నకలు తీసుకున్నా చివరి పేజీ తిప్పలేదు, అందరి చివరి పేజీలూ ఒకేలా ఉంటాయి కనుక. ప్రాసిక్యూటర్ విన్నాడో లేదో, విననట్టే ఉన్నాడు. జడ్జిగారు సంతకాల్లో ఉన్నారు. ఆమె మాత్రం వింది. వింటూనే ఆ మీట నొక్కింది.

ఆమె ఫైలు చేత్తో పట్టుకుని, బెంచి గుమాస్తా దగ్గరికి వెళ్ళింది. ఆయన్ను అందరూ వాయిదాల మావయ్య అంటారు. ఏ కేసు ఏ తేదీకి పడిందో పుస్తకం చూడకుండా చెబుతాడు. ముప్పయ్యేళ్ళలో ఆరుగురు జడ్జీలను చూశాడు.

ఆయన ఆ పేజీ చదివి, అటూ ఇటూ చూసి, ఫైలు ఆమె చేతిలోనే పెట్టేశాడు.

"అమ్మాయ్, ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు మావయ్యగారూ."

"అయితే నాకూ చెప్పలేదు. తీసుకెళ్ళి కట్టలో కట్టేయ్."

"పోనీ దిద్దితే?"

"సాక్షి సంతకం పెట్టాక ఆ కాగితంలో పొల్లు దిద్దినా నేరమే, నువ్వే బోనెక్కుతావు. ఆ ఇస్త్రీ ఆవిడతో మాట్లాడితే సాక్షిని బెదిరించావంటారు. ఆ లాయరుకు చెబితే, నీకెలా తెలిసిందని జడ్జిగారు అడగ్గానే నీ పేరే చెబుతాడు. జడ్జిగారికి చెబితే..." ఆయన ఆగి తల గోక్కున్నాడు. "పిల్లి మెడలో గంట కట్టడమే అది. ఆయన సంతకం ఉంది కదా దాని మీద."

"వాడికి జీవిత ఖైదు పడుతుంది మావయ్యగారూ."

"పై కోర్టు ఉందిగా, అక్కడ చూసుకుంటారు."

పై కోర్టు చూసేదీ ఈ కాగితమేనని ఇద్దరికీ తెలుసు. మావయ్య చెడ్డవాడు కాదు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి, ఇంకో ఏడాదిలో రిటైరయ్యేవాడు. అలాంటివాళ్ళ మంచితనానికి హద్దు గోడ బాగా దగ్గరగా ఉంటుంది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు బట్టలు మడతపెడుతోంది. ఇద్దరే ఉంటారు ఆ ఇంట్లో. ఆమె భర్త ఆ కోర్టులోనే గుమాస్తా. ఆయన పోయాక ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. అందుకే అత్తగారు ఇప్పటికీ దాన్ని మా అబ్బాయి కుర్చీ అంటుంది. కోడలు కూర్చున్నా కుర్చీ కొడుకుదే. రోజూ సాయంత్రం కోర్టు కబుర్లు చెప్పించుకోవడం ఆవిడకు అలవాటు. తీర్పులు కూడా తానే చెప్పేస్తుంది, జడ్జిగారి కంటే నాలుగు రోజులు ముందే.

ఆ రోజు టైపిస్టు అంతా చెప్పింది. అత్తగారు మడతపెట్టిన చీరనే మళ్ళీ విప్పి మడతపెట్టింది.

"ఎవరూ చూడలేదంటున్నావు కదా."

"చూడలేదు అత్తయ్యా."

"మరి నీకెందుకమ్మా ఈ తద్దినం? ఆ కుర్చీ పోతే మనిద్దరం ఎక్కడ కూర్చుంటాం?" అంతలోనే మళ్ళీ అడిగింది. "వాడికి తల్లుందా?"

"ఉంది. ప్రతి వాయిదాకీ వచ్చి వెనక బెంచీలో కూర్చుంటుంది."

అత్తగారు చీర పక్కన పెట్టేసింది. "అయితే నన్నడక్కు. కొడుకును పోగొట్టుకున్నదాన్ని, నేనేం చెబుతాను? నీ సంపాదన తింటున్నదాన్ని, అలా అడిగినా ఏం చెబుతాను? నీ ఇష్టం."

ఆ సాయంత్రమంతా టైపిస్టు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. ఒక దశలో ఆ కుర్రవాడు నిజంగానే పొడిచి ఉంటే ఎంత బాగుండునో అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యమేసింది. పొడిచాడో లేదో ఆమెకు తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. ముఖం చూడలేదని సాక్షి ఒప్పుకుంది, ఆ ఒప్పుకోవడాన్ని తను తుడిచేసింది.

బుధవారం కోర్టు మొదలుకాక ముందే జడ్జిగారి గది తలుపు తట్టింది. జడ్జిగారు మంచివారు. ఎగతాళికి అనడం లేదు, సిబ్బందిని కసురుకోరు, ముద్దాయిలను కూడా మీరనే అంటారు. ఆమె చెప్పిందంతా అడ్డు తగలకుండా విన్నారు. కళ్ళజోడు తీసి ఆ పేజీని దగ్గరగా పెట్టుకుని చూశారు. తర్వాత కాగితం ఆమె వైపు తిప్పారు.

"ఈ సంతకం ఎవరిదమ్మా?"

"మీదే సార్."

"దాని పైన ఏముంది?"

"నేను చెప్పగా నా సమక్షంలో టైపు చేయబడినది అని."

"మీరు చెబుతున్నది నిజమైతే నేనీ సంతకం ఎన్నిసార్లు అబద్ధంగా పెట్టాను?"

ఆమెకు అబద్ధం తట్టలేదు. "నాకు తెలిసి అన్నిసార్లూ సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. మాటలో కోపం లేదు, అందుకే ఆమెకు ఎక్కువ భయమేసింది.

"ఇది ఉన్నదున్నట్టు రికార్డులోకి ఎక్కిందనుకోండి. నేను ఇక్కడ కూర్చున్న నాలుగేళ్ళలో శిక్షపడిన ప్రతివాడూ రేపు అప్పీలుకొస్తాడు. మా వాంగ్మూలాలూ ఇలాగే రాశారంటాడు. కాదనడానికి మన దగ్గరేముంది? పై కోర్టు మిమ్మల్ని నమ్మదు. నమ్మితే ఇంతమందిని వదలాలి కాబట్టి నమ్మదు. విచారణ వేస్తుంది. అది తేలేసరికి మూడేళ్ళో, నాలుగేళ్ళో. అన్నాళ్ళూ ఆ కుర్రవాడు లోపలే ఉంటాడు. నా ప్రమోషన్ పోతుందని అనడం లేదమ్మా."

ప్రమోషన్ సంగతి ఆమె ఎత్తలేదు.

"మరేం చెయ్యమంటారు సార్?"

"తీర్పు చెప్పేదాకా ఏ సాక్షినైనా మళ్ళీ పిలిచే అధికారం నాకుంది. ఎందుకు పిలిచానో రాయాలి. సాక్షి నిజమేనంది, నేనూ నిజమేనని స్పష్టంగా చెప్పాను, టైపిస్టు అజాగ్రత్తగా నిజం కాదని కొట్టింది, చదివి వినిపించమంటే వినిపించానని నాతో అబద్ధమాడింది. ఇలా రాస్తే ఆ పెద్దావిడను రేపే పిలవచ్చు. ఇంక ఏ ఫైలూ కదలదు."

"మీరు చెప్పలేదు కదా సార్."

"లేదు."

"చదవమనీ అనలేదు."

"అనలేదమ్మా. తప్పు మీరు చేశారా లేదా?"

"చేశాను సార్."

"అందులో నా వంతు కూడా మీరే మోయాలి, అంతే తేడా. ఈ కాగితంలో ఒక్క నిజానికే చోటుంది, ఆ కుర్రవాడిదో, ఈ కోర్టుదో. ఏది కావాలో సాయంత్రంలోగా చెప్పండి."

ఆమె తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. ఆ రోజు తొమ్మిది కేసులు నడిచాయి. ఆమె కొడుతూనే ఉంది. ఇటు అడకత్తెర, అటు అడకత్తెర, మధ్యలో తను. నిజం మొత్తం చెబితే ఆ కుర్రవాడు మునుగుతాడు. చెప్పకపోతే శుక్రవారమే మునుగుతాడు. ఆయన చెప్పినట్టు చేస్తే తను మునుగుతుంది. అదొక్కటే అయితే ఓర్చుకోవచ్చు. తను ఆడని అబద్ధం ఆడినట్టు తన చేత్తోనే కొట్టాలి. ఈ కోర్టులో అచ్చుపోసిన ఆ రెండు వాక్యాలూ మునుపటిలాగే, ఏ మచ్చా లేకుండా, మళ్ళీ వచ్చే టైపిస్టు కోసం ఎదురుచూస్తుంటాయి. దాని మీదే ఆమెకు ఎక్కువ మండింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ గది మీద, ఆ గోడల మీద కోపం వచ్చింది. వచ్చి ఏం లాభం, చేతులు కాలాక.

సాయంత్రం వెళ్ళి, "మీరు చెప్పినట్టే కానివ్వండి సార్" అంది.

గురువారం కోర్టు హాలు నిండింది. జడ్జిగారు కేసు పిలిపించి, చేతిలో ఏ కాగితమూ లేకుండా, ఆమె వైపు చూసి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన గొంతు బాగుంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది. మాట మాటకూ ఆగుతూ, కామా ఎక్కడ పెట్టాలో కూడా చెబుతూ, ఇంత చక్కగా చెప్పగలిగిన మనిషి నాలుగేళ్ళూ ఎందుకు చెప్పలేదో మరి.

"సాక్షి జవాబును ఈ న్యాయస్థానం స్పష్టంగా చెప్పినప్పటికీ..."

ఆమె కొట్టింది.

"టైపిస్టు తన విధి పట్ల తీవ్రమైన నిర్లక్ష్యంతో..."

ఆమె కొట్టింది. వెనక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి. వాయిదాల మావయ్య పుస్తకంలో ముఖం దాచుకున్నాడు.

"చదివి వినిపించినట్లు న్యాయస్థానానికి అసత్యం చెప్పి..."

అక్కడ ఒక్క క్షణం ఆమె వేళ్ళు ఆగాయి. జడ్జిగారు కూడా ఆగారు. తొందరపెట్టలేదు. ఆ హాల్లో అంతమందిలో ఆ వాక్యం అబద్ధమని తెలిసినవాళ్ళు ముగ్గురే. ఒకరు చెబుతున్నారు, ఒకరు తల వంచుకున్నారు, మూడోది తను. ఆమె బోను వైపు చూసింది. ముద్దాయి ఏమీ అర్థం కానట్టు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆమె ఆ వాక్యం పూర్తిచేసింది.

పెద్దావిడను పిలిచారు. ఆవిడ బోనెక్కగానే రెండు చేతులూ జోడించింది.

"నన్ను జైల్లో వెయ్యరు కదయ్యా?"

"తప్పు మీది కాదమ్మా, రాసినవారిది. ఆ రోజు లాయరు గారు ముఖం చూడలేదు కదా అని అడిగితే మీరేమన్నారు?"

"నిజమేనన్నాను. ముఖం చూడలేదు, నీలం చొక్కా చూశాను. పోలీసులు ఇతనే అంటే ఇతనే కాబోలనుకున్నాను. ఆ మాట అప్పుడే చెప్పాను కదయ్యా, ఎవరూ ఏమీ అనకపోతే అందరూ విన్నారనుకున్నాను."

ఆ మాటలు కాగితం మీదికి ఎక్కాయి. ఈసారి పెద్దావిడకు చదివి వినిపించారు కూడా. మొన్నటిదాకా తలెత్తని ఉచిత లాయరు ఇప్పుడు సింహంలా లేచి, కోర్టు సిబ్బంది నిర్లక్ష్యం అమాయకుల ప్రాణాలతో ఎలా ఆడుకుంటుందో పావుగంట మాట్లాడాడు. ఆ పావుగంటా ఆమే టైపు చేసింది. ప్రాసిక్యూటర్ ఒకటి రెండు మాటలు అడిగి కూర్చున్నాడు. ఉన్న ఒక్క సాక్షీ చూడలేదన్నాక ఆ కేసులో మిగిలిందేమీ లేదు. తీర్పు మర్నాడే అయినా అది ఏమిటో హాల్లో అందరికీ అర్థమైపోయింది. ముద్దాయి బోనులోనే గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు.

నాలుగింటికి వాయిదాల మావయ్య సస్పెన్షన్ కాగితం తెచ్చిచ్చాడు. ఆమె సంతకం పెట్టింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. సొరుగులో ఉన్న దువ్వెన, మందుబిళ్ళలు, అత్తగారి పాత కళ్ళజోడు సంచిలో వేసుకుని ఆమె వరండాలోకి వచ్చింది.

ముద్దాయి తల్లి స్తంభం పక్కన నిలబడి ఉంది. దారికి అడ్డం వచ్చింది.

"నువ్వేనా ఆ రాసినదానివి?"

"నేనేనమ్మా."

"నా కొడుకు గొంతు కోసేదానివి. పెద్దాయన చెబుతున్నా వినలేదంట. చదివానని అబద్ధం కూడా ఆడావంట. నీకు పిల్లల్లేరా? నీ చేతులు పడిపోను. ఆ జడ్జి దేవుడు, దేవుడు కాబట్టి పట్టుకున్నాడు గానీ, లేకపోతే ఈపాటికి నా బిడ్డ ఏమయ్యేవాడు?"

విన్నది నేను, పట్టుకున్నది నేను, నీ కొడుకు కోసం కుర్చీ వదులుకున్నది నేను అని టైపిస్టుకు చెప్పాలనిపించింది. ఆ తల్లి ఒక్కసారి తన చెయ్యి పట్టుకుంటే చాలుననిపించింది. కానీ రెండు అడుగుల దూరంలో ప్రాసిక్యూటర్ ఎవరితోనో మాట్లాడుతూ నిలబడ్డాడు. తీర్పు రేపు. నిన్న గదిలో ఏం జరిగిందో ఆయన చెవిన పడితే ఇవాళ రాసిన కాగితమంతా చెల్లకుండా పోతుంది, ఆ కుర్రవాడు మళ్ళీ లోపలికే పోతాడు.

"అవునమ్మా" అంది. "ఆయనే పట్టుకున్నారు."